పర్సోం అంటే ఎప్పుడు?

కోర్టు తర్జుమా ఉద్యోగం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని ఈ మధ్య కొత్తగా చేరిన ఒకమ్మాయి అడిగింది. మంచి మాటలు నా దగ్గర లేవమ్మా అన్నాను. పెద్దావిడ సరదాకి అంటోందనుకుని నవ్వింది. సరదాకి అనలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఉర్దూ నుంచి తెలుగుకీ, తెలుగు నుంచి ఇంగ్లీషుకీ పరాయివాళ్ళ మాటలు మోసి మోసి, చివరికి ఒక్క మాట దగ్గర బోర్లా పడ్డాను. దాని గురించి చెబితే మీకు పనికొస్తుందేమో. పనికిరాకపోయినా చెబుతాను. నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు.

నాకు ఈ భాషలు ఏ కాలేజీలోనూ రాలేదు. మాది పంజగుట్ట. మా నాయన బట్టల దుకాణంలో గుమాస్తా. ఇంట్లో తెలుగు, గోడవతల ఇంట్లో దక్నీ, అంటే హైదరాబాదు ఉర్దూ. మా అమ్మ గోడ మీదుగా పచ్చిపులుసు గిన్నె అందిస్తూ మాట్లాడిన భాషే తర్వాత నాకు జీతం తెచ్చిపెట్టింది. ఉర్దూ అక్షరాలు ఆ తర్వాత నేర్చుకున్నాను, పరీక్ష కోసం. అక్షరాలు నేర్చుకోవడం తేలికే. గోడ మీది మాటలు మాత్రం పుట్టి పెరిగితేనే వస్తాయి. ఈ తేడా తెలియనివాళ్ళు మన ఉద్యోగంలో చాలామంది ఉన్నారు, పై కుర్చీల్లో ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

పోయిన మనిషి కోర్టుకు రావడం

ముందు ఒక తేలికైన సంగతి. నేను చేరిన కొత్తలో మా హెడ్ ట్రాన్స్‌లేటర్ శాస్త్రిగారు. బాపట్ల వైపు మనిషి, ఇంగ్లీషు గొప్పగా రాసేవారు. ఇంటి అద్దె తగాదా ఒకటి వచ్చింది. అద్దెకున్నవాడి తరఫు సాక్షి బోనులో నిలబడి, "ఓనర్ సాబ్ పొద్దుగాల్నే పోయిండు, నేనే తాళమేసిన" అన్నాడు. శాస్త్రిగారి ఊళ్ళో మనిషి పోయాడంటే ఒకటే అర్థం. తెల్లవారుజామున యజమాని కాలధర్మం చెందాడని రాసేశారు. దాని మీద అద్దెకున్నవాడి వకీలు వారసులను కేసులో చేర్చాలని దరఖాస్తు కూడా పెట్టాడు. తరువాతి వాయిదాకు ఆ యజమాని గొడుగు పట్టుకుని తానే వచ్చాడు. "మీరు పోయారటగా?" అని మేజిస్ట్రేటు అడిగితే కోర్టంతా పగలబడి నవ్వింది.

శాస్త్రిగారు కూడా నవ్వారు. తర్వాత టీ తాగుతూ నాతో ఒక మాట అన్నారు. "అమ్మా, మన తప్పుల్లో కొన్నింటికి కాళ్ళుంటాయి. నడిచొచ్చి మనల్ని పట్టిస్తాయి. వాటితో భయం లేదు. కాళ్ళు లేనివి కూడా ఉంటాయి. వాటిని చూసుకో." అప్పుడు నాకు అర్థం కాలేదు. చిన్నదాన్ని, తప్పులన్నీ దిద్దుకోవచ్చుననుకునేదాన్ని.

బడి, కమిషన్, జడ్జిగారు

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు జరిగింది అసలు సంగతి. అప్పుడు అమీర్‌పేటలో ఎక్కడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మైత్రీవనం వెనక సందుల్లో ఒక ప్రైవేటు బడి ఉండేది. ఒక పక్క జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్, ఇంకో పక్క టిఫిన్ సెంటర్, నడుమ ఇరుగ్గా ఈ బడి. ఆటస్థలం లేదు, ప్రార్థన మేడ మీద. అయినా అడ్మిషన్ దొరకడం కష్టమని పేరు.

ఆ బడిలో పదో తరగతి పిల్లవాడు వాళ్ళ నాన్న లైసెన్సు రివాల్వర్ పుస్తకాల సంచిలో తెచ్చాడు. తండ్రి రియల్ ఎస్టేట్ మనిషి. మాదాపూర్ వైపు భూములకు రెక్కలొచ్చిన కాలం. అలాంటివాళ్ళు కొందరు రెండు సెల్‌ఫోన్లు, ఒక రివాల్వరు పెట్టుకుని తిరగడం హోదా అనుకునేవారు. ఇంటర్వెల్లో మెట్ల మీద అది పేలింది. శ్రావ్య అనే తొమ్మిదో తరగతి అమ్మాయి అక్కడే చనిపోయింది. ఒక టీచరుకు భుజంలో గుండు దిగింది. ఆ పిల్లవాడి సంగతి వేరే కోర్టు చూసుకుంది. వాడి గురించి నేను రాయను.

ఊరంతా అట్టుడికింది. ప్రభుత్వం రిటైరైన జడ్జిగారొకరితో విచారణ కమిషన్ వేసింది. బేగంపేటలో ఖాళీగా పడి ఉన్న ఒక సర్కారు భవనం పై అంతస్తులో కూర్చునేవాళ్ళం. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమనేవి. జడ్జిగారు చెయ్యెత్తి ఆపేవారు, అది వెళ్ళాక మళ్ళీ మొదలు. కమిషన్ తేల్చవలసినవి కాగితం మీద చాలా ఉన్నాయి కాని అందరికీ కావలసింది ఒక్కటే. పిల్లవాడి దగ్గర తుపాకి ఉన్న సంగతి బడివాళ్ళకు ముందే తెలుసా? తెలిసీ ఊరుకున్నారా?

శ్రావ్య తండ్రి ప్రసాద్‌గారు ప్రతి వాయిదాకూ వచ్చేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి సోమాజిగూడలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేసేవారు. చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని వెనక బెంచీ మీద కూర్చునేవారు. అది తెరవడం నేనెప్పుడూ చూడలేదు.

జడ్జిగారు గోదావరి జిల్లా వారు. మంచివారు. ఇది నేను ఎత్తిపొడుపుగా అనడం లేదు. సాక్షులకు మంచినీళ్ళు ఇప్పించేవారు, ముసలివాళ్ళని కూర్చోబెట్టేవారు. ఆయనకున్న బలహీనత ఒక్కటే. ఉర్దూ అంటే ప్రాణం. గజళ్ళ మీది ఇష్టంతో ఒక మాస్టారిని పెట్టుకుని లక్నో ఉర్దూ నేర్చుకున్నారట. ఉర్దూ సాక్షి వస్తే ముఖం వెలిగిపోయేది. "మేడం, మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి, దీన్ని నేను చూసుకుంటాను" అనేవారు. తానే ఉర్దూలో అడిగి, తానే విని, స్టెనోకు ఇంగ్లీషులో చెప్పేసేవారు.

పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. బొత్తిగా భాష రాని జడ్జి మనల్ని అడుగుతాడు. బాగా వచ్చిన జడ్జికి మన అవసరమే ఉండదు. వచ్చీరాని జడ్జి దగ్గరే మన ప్రాణం మీదికొస్తుంది. ఆయనకు ఆ భాష మీద ప్రేమ కూడా ఉంటే ఇక దేవుడే దిక్కు.

గేటు దగ్గరి మనిషి

టీచర్లు వచ్చారు, ఆయాలు వచ్చారు, వ్యాను డ్రైవర్లు వచ్చారు. మాకేమీ తెలియదన్నారు. వాళ్ళనేమీ అనను, నెల తిరిగితే జీతం ఇచ్చేది ఆ బడే. నోరు విప్పింది ఒక్కడే, గేటు వాచ్‌మన్ ఖాజా మియా. యాభై దాటిన మనిషి, మెహందీ పెట్టిన గడ్డం. కమిషన్ ముందుకు రావడానికని ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు. సగం తెలుగు, సగం దక్నీ మాట్లాడతాడు. మీ భాషలోనే చెప్పండి అని జడ్జిగారు ఆప్యాయంగా ఉర్దూలో అన్నారు. దాంతో ఖాజా మియా పూర్తిగా దక్నీలోకి దిగాడు.

పిల్లవాడి సంచి గేటు దగ్గర కింద పడితే, ఎత్తి ఇవ్వబోయి లోపల పిస్తోలు చూశానన్నాడు. చూసి ఏం చేశావని అడిగారు.

"పర్సోంచ్ బోలా సాబ్ కూ. పోట్టే కే బ్యాగ్ మే పిస్తోల్ హై బోల్కే బోలా."

పర్సోమే చెప్పాను సాబ్‌కు, పిల్లవాడి సంచిలో పిస్తోలు ఉందని, అన్నాడు. సాబ్ అంటే బడి కరెస్పాండెంట్, ఓనరు.

"సాబ్ ఏమన్నారు?" అని జడ్జిగారు ఉర్దూలో అడిగారు.

"ఖిలోనా హోఇంగా, తూ గేట్ దేఖ్ బోలే."

బొమ్మ అయ్యుంటుంది, నువ్వు గేటు చూసుకో అన్నారట. వెనక బెంచీలో ప్రసాద్‌గారు లేచి నిలబడ్డారు.

జడ్జిగారు స్టెనో వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు: ఘటనకు రెండు రోజుల ముందు నేను కరెస్పాండెంట్‌కు తెలియజేశాను.

పుస్తకంలో పర్సోం అంటే మొన్న, అంటే రెండు రోజుల కింద. హైదరాబాదులో పర్సోం అంటే గడిచిపోయినది ఏదైనా సరే. పోయిన వారం పర్సోమే, పోయిన ఏడూ పర్సోమే. పదేళ్ళ తర్వాత ఎదురుపడిన చుట్టాన్ని పట్టుకుని, పర్సోంచ్ తో మిలే థే, మొన్ననే కదా కలిశాం అంటారు ఇక్కడివాళ్ళు. మనం మాత్రం? "మొన్న కొన్న చీర" అంటే ఎవరైనా పంచాంగం తీస్తారా? జడ్జిగారు కూడా ఇంట్లో తెలుగులో అలాగే మాట్లాడి ఉంటారు. కాని ఆయన విన్నది ఇంట్లో కాదు, మాస్టారి దగ్గర నేర్చుకున్న భాషలో విన్నారు. ఇంగ్లీషులోకి దిగేసరికి ఆ మాట తారీఖైపోయింది.

నేను లేచాను. "సర్, పర్సోం అంటే ఇక్కడ..."

"ఏంటి మేడం, పర్సోం నాకు తెలీదనుకున్నారా?" అని నవ్వారు. "అయినా మీ తృప్తి కోసం అడుగుదాం." ఖాజా మియా వైపు తిరిగి, పర్సోం చెప్పానన్నారు కదా మీరు, అని మర్యాదగా అడిగారు.

"జీ సాబ్. పర్సోంచ్ బోలా."

"చూశారా? సాక్షే ఒప్పుకున్నాడు."

వాంగ్మూలం చివర చదివి వినిపించి సంతకం తీసుకోవాలని రూలు. అదీ జడ్జిగారే చేశారు. ఇంగ్లీషులో ఉన్న రెండు రోజులను మళ్ళీ ఉర్దూలో పర్సోం అని చదివారు. ఖాజా మియా తలూపి సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టడు? తాను అన్న మాటే కదా తిరిగి వినబడింది. శాస్త్రిగారు చెప్పిన కాళ్ళు లేని తప్పు నా కళ్ళ ముందే పుట్టి, సంతకం కూడా పెట్టించుకుని, కుర్చీ వేసుకుని కూర్చుంది.

బయట వరండాలో ప్రసాద్‌గారు ఖాజా మియా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇంతమందిలో మీరొక్కరే మాట్లాడారండీ. వాళ్ళకి ముందే తెలుసన్నమాట. ఇంక నాకేమీ అక్కర్లేదు, ఈ ఒక్క మాట నివేదికలో రాస్తే చాలు" అన్నారు. ఖాజా మియా ఏడ్చాడు.

నేను అదే మధ్యాహ్నం జడ్జిగారి గదికి వెళ్ళి సంగతంతా చెప్పాను. ఓపికగా విన్నారు. "చాలా ఆసక్తికరంగా ఉంది మేడం. కానీ సంతకం అయిపోయింది కదా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలుతుంది లెండి" అన్నారు. కాఫీ కూడా ఇప్పించారు.

ఏ పర్సోం?

క్రాస్‌లో తేలింది. బడి తరఫు వకీలు ఖాజా మియాను తెలుగులోనే పట్టుకున్నాడు.

"ఖాజా మియా, సాబ్‌కు పర్సోం చెప్పినవు. గంతేనా?"

"హౌ సాబ్."

"ఎక్కడ చెప్పినవు?"

"గేట్ కాడనే. కారు దిగంగనే."

"గా దినం కరెస్పాండెంట్ సాబ్ విజయవాడల ఉన్నడు. బామ్మర్ది గృహప్రవేశం. ఫోటోలున్నయి, పిలిస్తే చుట్టాలంత వచ్చి చెప్తరు. మరి విజయవాడ నుంచి నీ గేట్ కాడికి ఏ కారొచ్చింది?"

జనం నవ్వారు. ఖాజా మియా బిత్తరపోయాడు. "గా పర్సోం కాదు సాబ్!" అన్నాడు.

"మరి ఏ పర్సోం?"

ఇంకా నవ్వారు. నేను ఆ వకీలు ముఖమే చూస్తున్నాను. అతనిది పాతబస్తీ, అక్కడే పుట్టి పెరిగాడు. పర్సోం అంటే ఏమిటో నాకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు. ఆ మధ్యాహ్నమే వరండాలో వాళ్ళావిడతో ఫోనులో మాట్లాడుతూ, పర్సోంచ్ తో గయే థే నా తుమ్హారే అమ్మా కే ఘర్, మొన్ననే కదా మీ అమ్మగారింటికి వెళ్ళాం, అంటుంటే నా చెవులతో విన్నాను. వృత్తి ధర్మం అంటారు దాన్ని. నేను వేరే పేరుతో పిలుస్తాను, ఇక్కడ రాయను.

మళ్ళీ లేచి, వివరించడానికి అనుమతి అడిగాను. ఈసారి జడ్జిగారు ఇచ్చారు. అంతా చెప్పాను.

"నిరూపించగలరా మేడం?" అన్నారు.

ఖాజా మియా దగ్గరికి వెళ్ళాను. మీ నాన్నగారు ఎప్పుడు పోయారు ఖాజా భాయ్, అని దక్నీలో అడిగాను. అలా అడిగితే మనిషి అబద్ధం ఆడడు, ఆలోచించి చెప్పడు. అతను తలవంచుకుని, "పర్సోంచ్ గుజర్ గయే మేడం" అన్నాడు. పర్సోమే పోయారు అని.

"కిత్తే సాల్ హువే?" ఎన్నేళ్ళయింది?

"ఛే సాల్ హోగయే."

ఆరేళ్ళు. హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఉద్యోగం మొత్తంలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. అది ఒక నిమిషం ఉందేమో.

వకీలు లేచి నాకు నమస్కారం పెట్టాడు. "మేడంకు షుక్రియా సర్. సాక్షి నోట పర్సోం అంటే ఆరేండ్లు సుత కావచ్చునని మేడమే చూపించిండ్రు. ఆరేండ్ల కింద గా పిలగాడు నాలుగో తరగతి. ఖాజా మియా అప్పుడు చెప్పిండేమో మా సాబ్‌కు!"

తాడే పామై కరవడం అంటే అదే. రెండు రోజులంటే అబద్ధమని కొట్టేస్తారు. రెండు రోజులు కాదంటే ఆ మాటకు విలువే లేదని కొట్టేస్తారు. నేనలా అడగకుండా ఉండవలసిందా అని కొందరు నన్ను తర్వాత అడిగారు. లేదు. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ అదే అడుగుతాను. నిజం చెప్పడానికి నాకు ఇంకో దారి లేదు. ఆ దారి చివర గోడ కట్టి ఉంది, అది నా పని కాదు.

జడ్జిగారు తన వంతు ప్రయత్నం చేశారు. పోనీ, ఏదైనా గుర్తు చెప్పండి అన్నారు. ఖాజా మియా చాలాసేపు ఆలోచించాడు.

"వాన పడ్డది సాబ్. గేట్ ముందట నీళ్ళు నిలిచినయి."

అమీర్‌పేటలో చినుకు పడితే నీళ్ళు నిలుస్తాయి అన్నాడు వకీలు.

"జుమ్మా కాదు. జుమ్మా నాడైతే నమాజ్‌కు పోదును."

"సరే, శుక్రారం కాదు. మిగతా రోజుల్ల ఏ రోజు?"

ఖాజా మియాకు కోపం వచ్చింది. బోను చెక్క మీద చరిచాడు. "నేను చెప్పేది పిస్తోల్ ముచ్చట సాబ్! మీరంత తారీఖు ముచ్చట అడుగుతుండ్రు! పోరి పాణం పోయింది, తారీఖు దేనికి?"

పేదవాడి కోపం పెదవికి చేటు. కమిషన్ ముందు మర్యాదగా ప్రవర్తించమని జడ్జిగారు హెచ్చరించారు. ఆ హెచ్చరిక కూడా రికార్డయింది.

మరుసటి వాయిదాకు కరెస్పాండెంట్ వచ్చాడు. తెల్లచొక్కా, నెమ్మదైన మనిషి. చనిపోయిన అమ్మాయిని తలచుకుని కళ్ళు తుడుచుకున్నాడు కూడా. "వాచ్‌మన్ నాతో ఎప్పుడూ అలాంటిది చెప్పలేదండీ" అన్నాడు. ఆ వాక్యాన్ని నేనే ఇంగ్లీషులో పెట్టాను. చాలా తేలిక. ఎప్పుడూ లేదన్న మాటకు ఏ భాషలోనైనా ఒకటే అర్థం. చెప్పానన్నవాడు తారీఖు చూపించాలి. చెప్పలేదన్నవాడికి ఏ తారీఖూ అక్కర్లేదు. ఇన్నేళ్ళలో నేను కోర్టుల గురించి తెలుసుకున్నదంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

ఆ సాయంత్రం మెట్ల మీద ప్రసాద్‌గారు నన్ను ఆపారు. "ఏంటండీ ఇది? పర్సోం అంటే ఎప్పుడో అనా అర్థం? మా అమ్మాయి పోయిందండీ. ఎప్పుడో చెప్పాను అంటే ఎలాగండీ?" అన్నారు. ఆ మాట సంగతి ఆయనకు మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. విన్నారు. గుంటూరు మనిషికి ఒక్క సాయంత్రంలో అది ఎక్కదు. ఖాజా మియా కిందికి దిగి వస్తుంటే ఆయన ముఖం తిప్పుకున్నారు. ఆ రోజు వరండాలో అతన్ని పట్టుకున్న చేతులను ఇప్పుడు జేబుల్లో పెట్టుకున్నారు.

నివేదిక

కొండను తవ్వి ఎలుకను పట్టారు. బళ్ళలో సంచులు తనిఖీ చేయాలి, పిల్లలకు కౌన్సెలింగ్ ఇప్పించాలి, గేటు దగ్గర యంత్రం పెట్టాలి అని నివేదిక వచ్చింది. ఇంగ్లీషు నుంచి దాన్ని తెలుగులోకి తిప్పే పని నాకే ఇచ్చారు.

చేశాను. "కాలం విషయంలో సాక్షి నిలకడ లేని మాటలు చెప్పినందున అతని వాంగ్మూలాన్ని ఆధారంగా తీసుకోవడం క్షేమకరం కాదు." ఆ వాక్యం నేను రాసిందే. "గేటు వద్ద తనిఖీ బాధ్యత వాచ్‌మన్‌దే అయినందున నిర్లక్ష్యం అతనిదే." అదీ నేను రాసిందే. నా వివరణ గురించి ఒక ముక్క ఉంది: అనువాదకురాలి అభిప్రాయాన్ని కమిషన్ పరిశీలించింది. పరిశీలించింది, అంతే. పరిశీలించి ఏమనుకుందో లేదు.

కొత్తగా చేరేవాళ్ళకు శిక్షణలో ఒక మాట చెబుతారట, తర్జుమాదారు రెండు మనసుల నడుమ వంతెన అని. వినడానికి బాగుంటుంది. నేను రాసిన ఆ వాక్యాల మీదుగా ఎవరూ ఎక్కడికీ దాటలేదు. ఒక మనిషి మాత్రం కింద పడ్డాడు. మార్చి రాయొచ్చు కదా అంటారేమో. రాయకూడదు. రాస్తే రేపు ఇంకో తర్జుమాదారు ఇంకో మనిషికి ఇంకేదో మార్చి రాస్తాడు. ఉన్నది ఉన్నట్టు తిప్పడమే మన పని. ఉన్నది అబద్ధమైతే అబద్ధాన్ని చక్కటి తెలుగులో తిప్పాలి. ఈ పని చేయడానికి ఎంత గట్టి గుండె కావాలో ముందే తెలుసుకుని చేరండి.

ఆ నివేదిక అసెంబ్లీ ముందుకు ఎప్పుడూ రాలేదు. బడి పేరుకు ఇంకో రెండు ఇంగ్లీషు అక్షరాలు తగిలించుకుంది. కూకట్‌పల్లి వైపు కొత్త బ్రాంచి కూడా పెట్టింది. ఖాజా మియా ఉద్యోగం అప్పటికే పోయింది.

మైత్రీవనం దగ్గర

నేను రిటైరయ్యాక ఒక రోజు మా చెల్లెలి కూతురికి కోర్సు ఫీజుల సంగతి కనుక్కుందామని మైత్రీవనం వెళ్ళాను. పాంప్లెట్లు పంచేవాళ్ళు, బ్యాగులు తగిలించుకున్న పిల్లలు, అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. పక్క కాంప్లెక్సు ముందు బండ్లు సర్దుతున్న మనిషి విజిల్ ఆపి, "సలాం మేడం" అన్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది, మెహందీ మానేసినట్టున్నాడు. ఖాజా మియా అని గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. ఏ బడిలోనూ పెట్టుకోలేదట. "పేపర్ల పేరొచ్చింది కద మేడం, గేట్ కాడ పరేషాన్ ఎందుకని తీస్కోరు" అన్నాడు. పెద్దబిడ్డకు పెళ్ళయింది, ఇక్కడ జీతం తక్కువైనా ఫికర్ లేదు అన్నాడు. ఇంకా ఏదో చెబుతూ చెబుతూ నా వైపు తిరిగాడు.

"మేడం, ఒక్క ముచ్చట అడుగుత. నిజం చెప్పుండ్రి. నేను సాబ్‌కు చెప్పిన్నా?"

"గదేంది ఖాజా భాయ్? కమిషన్ ముందట నువ్వే చెప్పినవ్ కద."

"కమిషన్ ముందట చెప్పిన, గది యాదికుంది. గేట్ కాడ చెప్పిన్నా అని అడుగుతున్న."

అతను తన చేతులకేసి చూసుకుంటూ మాట్లాడాడు.

"రోజు యాది చేస్కుంట మేడం. కారు ఆగినట్టే ఉంటది. సాబ్ దిగినట్టే ఉంటది. నేను నోరు తెరిచినంక ఏం కనబడది. ఎప్పుడు, ఎప్పుడు అని అందరు అడిగిరి, నాకు దొరకలె. జడ్జి సాబ్ మంచోడు, నాకు నీళ్ళు తాగిపిచ్చిండు. అసొంటోడు గిన్ని దినాలు విని నమ్మలె. ప్రసాద్ సాబ్ నా చెయ్యి పట్టుకున్నడు, ఆయన సుత నమ్మలె. మీరు సుత తెలుగుల రాసిండ్రంట కద, నా మాట నమ్మొద్దని."

"గది నా మాట కాదు ఖాజా భాయ్. రాసిన్నంతే."

"తెలుసు మేడం, మిమ్మల్ని అంటలేను." ఎవరో బండి తీయడానికి వస్తే లేచి, జరిపి ఇచ్చి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. "నాకు ఒక్కటే సమజ్ కాదు. నేను చెప్పి ఉంటే పెద్దమనిషి ఊకుంటడా? బ్యాగ్ గుంజుకోడా? చెప్పుంటే గా బిడ్డ బతికుండేది కద. బతికి లేదంటే, నేను చెప్పలేదన్నట్టే కద మేడం?"

ఆ రోజు బోనులో చెక్క చరిచిన మనిషి ఇతనే. ఇప్పుడు కరెస్పాండెంట్ తరఫున తానే వాదిస్తున్నాడు. అందరూ కలిసి ఆ ఒక్క నిజాన్ని అతని నోట్లోంచే కాదు, లోపలి నుంచి కూడా తీసేశారు.

"చెప్పినవ్ ఖాజా భాయ్" అన్నాను. మళ్ళీ అన్నాను, "నువ్వు చెప్పినవ్. నాకు తెలుసు."

అతను నా ముఖంలోకి ఆశగా చూశాడు.

"ఎప్పుడు మేడం?" అన్నాడు. వకీలు అడిగినట్టు కాదు. నాకు నిజంగా తెలుసేమోనని అడిగాడు.